పిల్లలకు వెన్ను ఒంపు ఆపరేషన్ అన్నారా? ఎలా నిర్ణయించుకోవాలి, ఎలా సిద్ధపడాలి

మా పెద్దమ్మాయికి స్కోలియోసిస్ (వెన్ను పక్కకు ఒంపు తిరగడం) ఆపరేషన్ అయి నాలుగేళ్లు దాటింది. ఎవరి ద్వారా ఎవరికి తెలిసిందో గానీ, అప్పటినుంచి నెలకు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే: "అక్కా, పాపకు వెన్ను వంకర ఉందట, ఆపరేషన్ అంటున్నారు. చేయించమంటావా, వద్దంటావా?"

ఫోన్లో ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. నేను డాక్టర్‌ని కాను, ఖమ్మంలో ఉండే ఒక తల్లిని. కానీ ఆ జవాబు ఎలా తెలుసుకోవాలో చెప్పగలను. ఆ దారిలో మేము ఎక్కడెక్కడ తప్పటడుగు వేశామో కూడా చెప్పగలను. అందరికీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒక చోట రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక సంగతి పట్టుకోండి. ఆపరేషన్ కావాలా, ఏ ఆపరేషన్, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు రెండు అంకెల్లో ఉంటుంది. ఒంపు ఎన్ని డిగ్రీలు? బిడ్డ ఇంకా ఎంత ఎదగాలి? ఈ రెండూ చేతిలో లేకుండా ఎవరి సలహా విన్నా అయోమయమే మిగులుతుంది.

ఇది 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో, కారణం ఇదీ అని తేలకుండా వచ్చే ఒంపు గురించి రాసింది. ఎక్కువమందికి వచ్చేది అదే. పుట్టుకతో పూస సగమే ఏర్పడిన పిల్లలకు, కండరాల జబ్బు ఉన్నవాళ్లకు, పెద్ద వయసులో నడుం అరిగి ఒంపు తిరిగినవాళ్లకు లెక్కలు వేరు. వాళ్ల గురించి అవసరమైన చోట ఒక మాట అంటాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- నిలబెట్టి తీసిన పూర్తి వెన్ను ఎక్స్‌రే, దాని సీడీతో సహా
- పాత ఎక్స్‌రేలు ఎన్ని ఉంటే అన్ని, వెనక తేదీ రాసి
- గత రెండేళ్లలో ఎత్తు ఎంత పెరిగిందో (స్కూల్ రికార్డులో ఉంటుంది, గోడ మీద గీత ఉన్నా చాలు)
- అమ్మాయి అయితే పెద్దమనిషి అయిన తేదీ
- హిమోగ్లోబిన్ రిపోర్టు, రక్తం గ్రూపు
- ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ లేదా ఇన్సూరెన్స్ కాగితాలు
- ఒక నోటు పుస్తకం. డాక్టర్ చెప్పింది బయటికొచ్చాక సగం గుర్తుండదు. అక్కడే రాసుకోండి.

1. ముందు ఎక్స్‌రే సరిగ్గా తీయించండి

మా పాప సంగతి మొదట కనిపెట్టింది డాక్టర్ కాదు, టైలర్. ఓణీల ఫంక్షన్‌కు జాకెట్టు కుట్టడానికి కొలతలు తీస్తూ, "అమ్మా, పాపకు ఒక భుజం దిగి ఉంది, రెండు పక్కలా ఒకే కొలత రావట్లేదు" అంది. ఇంటికొచ్చి ముందుకు వంగమని చూస్తే కుడి భుజం రెక్క పక్కన వీపు గుట్టలా లేచింది.

దగ్గర్లో ఉన్న ఎక్స్‌రే సెంటర్‌కు వెళ్లాం. పడుకోబెట్టి, వీపు వరకే తీశారు. 34 డిగ్రీలు అన్నారు. రెండు వారాల తర్వాత హైదరాబాద్‌లో నిలబెట్టి తీస్తే 41. రెండు వారాల్లో ఏడు డిగ్రీలు పెరిగిందని ఆ రాత్రంతా నిద్రపోలేదు. నిజానికి పెరిగింది ఏమీ లేదు. పడుకుంటే ఒంటి బరువు వెన్ను మీద పడదు కాబట్టి ఒంపు తక్కువ కనిపిస్తుంది, అంతే.

కాబట్టి ఎక్స్‌రే నిలబెట్టి, చెప్పుల్లేకుండా, మెడ కింది నుంచి తుంటి వరకు ఒకే ఫిల్మ్‌లో రావాలి. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. ఒంపు కొలతను కాబ్ యాంగిల్ అంటారు. ఒంపులో బాగా వాలిన పై పూస, కింది పూసల మధ్య కోణం అది. 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అంటారు.

జాగ్రత్త: ఒకే ఎక్స్‌రేను ఇద్దరు కొలిస్తే ఐదు డిగ్రీల వరకు తేడా రావడం మామూలే. 47 ఉన్నది 50 అయిందని కంగారు పడకండి. ఐదు దాటి పెరిగితే, అదీ అవే రెండు పూసల మధ్య కొలిచి ఉంటే, అప్పుడు నిజంగా పెరిగినట్టు.

2. రెండో అంకె: ఎదుగుదల ఎంత మిగిలింది

ఒంపు పరుగెత్తేది ఎత్తు పెరిగే కాలంలోనే. అందుకే 12 ఏళ్ల పాపకు 35 డిగ్రీలు ఉండటం, 17 ఏళ్ల అమ్మాయికి అదే 35 ఉండటం ఒకటి కాదు.

అమ్మాయిల్లో ఎత్తు వేగంగా పెరగడం పెద్దమనిషి అవడానికి కాస్త ముందే జరిగిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లకు దాదాపు ఆగిపోతుంది. మన ఇళ్లలో ఆ తేదీ ఎవరూ మరచిపోరు, ఫంక్షన్ ఫొటోల మీదే ఉంటుంది. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి, తండ్రి పక్కన ఉన్నా సరే. అబ్బాయిలు ఇంకొంచెం ఆలస్యంగా, ఇంకొన్నేళ్లు ఎదుగుతారు.

డాక్టర్ దీన్ని ఎక్స్‌రేలోనూ చూస్తారు. తుంటి ఎముక పై అంచు ఎంత మేర గట్టిపడిందో చూసి 0 నుంచి 5 వరకు రిస్సర్ అంకె ఇస్తారు. సున్నా అంటే ఎదుగుదల చాలా ఉంది, 5 అంటే అయిపోయింది. కొందరు ఎడమ చేతి ఎక్స్‌రే కూడా తీయిస్తారు. ఈ అంకె అడిగి నోటు పుస్తకంలో కాబ్ యాంగిల్ పక్కనే రాసుకోండి.

3. మీ బిడ్డ ఎక్కడ ఉందో చూడండి

- 25 డిగ్రీల లోపు: నాలుగు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండటం.
- 25 నుంచి 45 మధ్య, ఇంకా ఎదుగుతుంటే: బెల్టు అని అందరం అనే బ్రేస్. అమెరికా, కెనడాల్లో చేసి 2013లో వెలువరించిన అధ్యయనంలో, బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి ఒంపు 50 డిగ్రీలకు చేరకుండా ఆగింది. వేసుకోనివాళ్లలో అలా ఆగింది 48 శాతానికే. ఎక్కువ గంటలు వేసుకున్నవాళ్లకు ఫలితం ఇంకా బాగుంది. బ్రేస్ పని ఒంపును ఆపడం. ఉన్న ఒంపును పోగొట్టదు.
- 45 నుంచి 50 దాటితే: ఆపరేషన్ మాట వస్తుంది. ఎందుకంటే ఛాతీ భాగంలో 50 దాటిన ఒంపు ఎదుగుదల ఆగిన తర్వాత కూడా ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరిగే అవకాశం ఉంది. 20 ఏళ్లకు 55 ఉన్నది 45 ఏళ్లకు 80 అయితే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుంది.

మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. 41 డిగ్రీలప్పుడు బ్రేస్ వేయమన్నారు. ఎవరో చెప్తే, నూనె మర్దన చేసి ఎముకలు సరిచేస్తామనే ఒక చోటికి తీసుకెళ్లాం. ఎనిమిది నెలలు తిరిగాం. పాపకు నొప్పి తగ్గినట్టు అనిపించేది, మాకు ధైర్యంగా ఉండేది. ఆ ఎనిమిది నెలల్లో పాప ఆరు సెంటీమీటర్లు ఎదిగింది, ఒంపు 54 అయింది. బ్రేస్ వేసినా ఆపరేషన్ తప్పేది కాదేమో, ఎవరికి తెలుసు. కానీ ఆ అవకాశం బిడ్డకు ఇవ్వలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. వ్యాయామాలు, యోగా కండరాలకు మంచివే, చేయించండి. 50 డిగ్రీల ఒంపును మాత్రం మర్దన, కట్టు, వేలాడటం, ఇవేవీ నిటారు చేయలేవు.

ఇంకో మాట. 50 దాటిందంటే రేపే చేయించాలని కాదు. ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. రెండో అభిప్రాయం తీసుకోవడానికి సమయం ఉంటుంది. ఎదిగే పిల్లల్లో మాత్రం ఏళ్ల తరబడి వాయిదా వేస్తే ఒంపు బిగిసిపోతుంది, ఆపరేషన్ పెద్దదవుతుంది.

ఎమ్మారై ఎవరికి కావాలి? ఛాతీ ఒంపు ఎడమ పక్కకు ఉన్నా, 10 ఏళ్ల లోపే మొదలైనా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నా, ఒంపు మరీ వేగంగా పెరిగినా తప్పకుండా అడగండి. వెన్నుపాములో నీటి తిత్తిలాంటిది ఉంటే దాని సంగతి ముందు తేల్చాలి.

4. ఏ ఆపరేషన్? వీటిలో ఏది మీ బిడ్డకు వర్తిస్తుందో తెలుసుకోండి

*వెనక నుంచి ఫ్యూజన్ (పూసలను కలిపేయడం).* టీనేజి పిల్లలకు ఎక్కువగా చేసేది ఇదే, మా పాపకూ ఇదే. వీపు మధ్యలో నిలువుగా కోసి, ఒంపులో ఉన్న పూసలకు స్క్రూలు బిగిస్తారు. రెండు పక్కలా టైటానియం లేదా కోబాల్ట్ క్రోమ్ రాడ్లు వేసి ఒంపును సరిచేస్తారు. తర్వాత పూసల పైపొర గీకి, అక్కడి ఎముక ముక్కలనే వాటి మధ్య పరుస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ పూసలన్నీ ఒకే ఎముకలా అతుక్కుంటాయి. జీవితాంతం వెన్నును నిలిపేది ఆ అతుకే. అది గట్టిపడేదాకా పట్టి ఉంచడమే రాడ్ల పని. ఆపరేషన్ మామూలుగా 4 నుంచి 6 గంటలు పడుతుంది. ఒంపు మూడింట రెండు వంతుల దాకా తగ్గుతుంది. మా పాపకు పది పూసలు కలిపారు, 54 ఉన్నది 18కి వచ్చింది. సున్నా కాలేదు. సున్నా చేయాలని లాగితే నరాలకు ప్రమాదం. తల నడుం మీద సమంగా నిలబడటమే అసలు లక్ష్యం.

అందరూ భయపడేది "ఇక వంగలేదా?" అని. ఛాతీ పూసలు మామూలుగానే తక్కువ కదులుతాయి. వంగడం ఎక్కువగా నడుం కింది పూసల్లో, తుంటి దగ్గర జరుగుతుంది. కాబట్టి ఫ్యూజన్ ఎంత కిందికి వెళ్తే అంత బిగువు. "ఏ పూస దగ్గర ఆపుతారు, ఇంకొకటి పైనే ఆపడానికి వీలుందా?" అని తప్పకుండా అడగండి. పక్కకు వంచి తీసే ఎక్స్‌రేలు ఇది తేల్చడానికే.

*ముందు లేదా పక్క నుంచి ఫ్యూజన్.* నడుం భాగంలో ఒకటే ఒంపు ఉన్న కొందరికి పక్కటెముకల వైపు నుంచి చేస్తారు. ఒకటి రెండు పూసలు మిగిలే అవకాశం ఉంటుంది. ఇప్పుడు వెనక నుంచే ఎక్కువ చేస్తున్నారు.

*టెథర్.* ఈ మధ్య వీడియోలు చూసి అందరూ అడిగేది దీని గురించే. పూసలను కలపకుండా, ఒంపు బయటి పక్క స్క్రూలకు గట్టి తాడు లాంటిది బిగిస్తారు. ఆ పక్క ఎదుగుదల నెమ్మదించి, లోపలి పక్క ఎదుగుతూ వెన్ను నెమ్మదిగా సరిపడుతుంది. అమెరికాలో 2019 ఆగస్టులో దీనికి అనుమతి వచ్చింది. కదలిక మిగలడం దీని గొప్ప. కానీ ఎదుగుదల మిగిలి, ఒంపు మెత్తగా ఉన్నవాళ్లకే పనికొస్తుంది. తాడు తెగవచ్చు, ఒంపు అవతలి పక్కకు మళ్లవచ్చు, రెండోసారి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. 16 ఏళ్ల అమ్మాయికి టెథర్ వేస్తామని ఎవరైనా అంటే, "ఎదుగుదల అయిపోయాక ఇది ఎలా పనిచేస్తుంది?" అని అడగండి.

*ఎదిగే రాడ్లు.* ఇవి చిన్నపిల్లలకు, సుమారు 10 ఏళ్ల లోపువాళ్లకు. అప్పుడే వెన్ను కలిపేస్తే ఛాతీ, ఊపిరితిత్తులు ఎదగవు. అందుకని ఆరు నెలలకోసారి పొడిగించే రాడ్లు వేస్తారు. బయటి నుంచి అయస్కాంతంతో పొడిగించేవీ ఉన్నాయి, ప్రతిసారీ కోయాల్సిన పని ఉండదు.

పుట్టుకతో సగం పూస ఉంటే ఆ పూసను చిన్న వయసులోనే తీసేస్తారు. 90, 100 దాటి బిగిసిన ఒంపులకు ముందు కొన్ని వారాలు తలకు రింగు పెట్టి మెల్లగా లాగుతారు, ఆ తర్వాతే ఆపరేషన్. ఇలాంటివి అన్ని చోట్లా చేయరు. పెద్దవాళ్లలో వచ్చే ఒంపుకు నరాల మీద ఒత్తిడి తీయడం ముఖ్యం, అది వేరే కథ.

5. సర్జన్‌ని అడగాల్సినవి (రాసుకుని వెళ్లండి)

- ఇలాంటి పిల్లల వెన్ను ఆపరేషన్లు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?
- ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాలను మెషీన్‌తో గమనిస్తారా? సిగ్నల్ తగ్గితే ఏం చేస్తారు?
- పై పూస ఏది, కింది పూస ఏది? ఎందుకు?
- ఎన్ని డిగ్రీలకు వస్తుందని అనుకుంటున్నారు? భుజాలు సమం అవుతాయా? వీపు గుట్ట ఎంత తగ్గుతుంది?
- చేయించకపోతే ఐదేళ్లలో, ఇరవై ఏళ్లలో ఏమవుతుంది?
- పిల్లల ఐసీయూ ఉందా? రాత్రి మా ఫోన్ ఎవరు ఎత్తుతారు?

నరాల పరీక్ష గురించిన ప్రశ్న అసలు వదలొద్దు. "కాళ్లు పడిపోతాయా?" అన్నదే ప్రతి తల్లి భయం. టీనేజి పిల్లల్లో నరానికి దెబ్బ తగలడం వందలో ఒకరి కంటే తక్కువ. ఆ ప్రమాదాన్ని ఇంకా తగ్గించేది ఈ మెషీనే. తల నుంచి పాదాల దాకా సంకేతాలు పంపుతూ, స్క్రూ బిగించినప్పుడు, రాడ్ తిప్పినప్పుడు తేడా వస్తే వెంటనే చెప్తుంది. సంకేతం అనుమానంగా ఉంటే మత్తు తగ్గించి, బిడ్డను సగం మేల్కొలిపి, "పాదాలు కదుపమ్మా" అని అడిగే పద్ధతి కూడా ఉంది. పిల్లలకు అది గుర్తుండటం అరుదు. ఇన్ఫెక్షన్ వందలో ఒకరిద్దరికి రావచ్చు. అతుకు సరిగా పడకపోవడం, స్క్రూ సడలడం వల్ల కొందరికి మళ్లీ ఆపరేషన్ అవసరపడుతుంది.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఫిల్మ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపకండి. వంకరగా తీసిన ఫొటోలో కోణమే మారిపోతుంది. సీడీ తీసుకుని మనిషే వెళ్లాలి.

మా అత్తమ్మ మాత్రం ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆమె చిన్నప్పుడు ఎవరికో ఇలాంటి ఆపరేషన్ అయ్యి నెలల తరబడి ప్లాస్టర్ కట్టుతో మంచం మీద ఉన్నారట. అది నిజమే. 1960ల్లో వచ్చిన హారింగ్టన్ రాడ్ రెండు కొసల దగ్గరే కొక్కేలతో ఆనేది, అతుకు పడేదాకా కట్టు తప్పేది కాదు. ఇప్పుడు ప్రతి పూసనూ స్క్రూ పట్టి ఉంచడంతో చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే లేపి నడిపిస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ తేడా చెప్పండి, వాళ్లు కుదుటపడితే బిడ్డా కుదుటపడుతుంది.

6. డబ్బు, తేదీ

ఖర్చులో పెద్ద భాగం స్క్రూలు, రాడ్లదే. ఎన్ని స్క్రూలు పడతాయన్న దాన్ని బట్టి మారుతుంది. అందుకే అంచనా కాగితంలో ఇంప్లాంట్ల ధర, ఐసీయూ రోజులు, నరాల మానిటరింగ్, రక్తం విడివిడిగా రాయించుకోండి.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర, మీ బిడ్డ ఆపరేషన్ పేరు చెప్పి, ఏ ప్యాకేజీ కింద వస్తుంది, ఇంప్లాంట్లు అందులో కలిసే ఉన్నాయా అని అడగండి. తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. అది కుటుంబం మొత్తానికి ఏడాది పరిమితి. ఒక్కో ఆపరేషన్ ప్యాకేజీ రేటు వేరు. ఈ రెండూ కలిపేసుకుని వచ్చి చివర్లో ఇబ్బంది పడినవాళ్లను చూశాను. నిమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి వచ్చే ఖర్చు హామీ పత్రానికి, అంటే ఎల్‌ఓసీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ అది ఆపరేషన్‌కు ముందే చేతికి రావాలి. అంచనా కాగితం వచ్చిన రోజే మొదలుపెట్టండి.

తేదీ విషయంలో అందరూ పదో తరగతి పరీక్షలు చూసుకుంటారు. ఎదుగుదల అయిపోయి, ఒంపు నిలకడగా ఉంటే వేసవి సెలవుల దాకా ఆగడంలో తప్పు లేదు. ఇంకా ఎదుగుతున్న పాప అయితే పరీక్షల కోసం ఏడాది ఆపొద్దు. పరీక్ష వచ్చే ఏడాది రాయవచ్చు.

7. ముందు నెల రోజులు

హిమోగ్లోబిన్ తక్కువుంటే ఇప్పుడే పెంచాలి. మన అమ్మాయిల్లో చాలామందికి తక్కువే ఉంటుంది. డాక్టర్ రాసిన ఐరన్ మాత్ర టీ, కాఫీ, పాలతో కాకుండా నిమ్మరసంతో వేయండి. గుడ్డు, పప్పు, ఆకుకూర, బెల్లం నువ్వులు రోజూ పెట్టండి. పుచ్చిన పన్ను, వీపు మీద చీము మొటిమలు ఉంటే ముందే చూపించండి, ఇన్ఫెక్షన్ అక్కడి నుంచి రావచ్చు. గుండె ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తారు. రోజూ గాలి లోపలికి గట్టిగా పీల్చి సాధన చేసే బంతుల మెషీన్ ఇస్తే ఇంట్లోనే అలవాటు చేయండి. రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరు ముగ్గురిని ముందే మాట్లాడి ఉంచుకోండి.

నాటు మందు, పసరు, ఆయుర్వేదం, హోమియో, ఏది వాడుతున్నా మత్తు డాక్టర్‌కు చెప్పండి. కొన్ని రక్తాన్ని పలచబరుస్తాయి.

బిడ్డకు నిజం చెప్పండి. "ఏం కాదు, చిన్న ఆపరేషన్" అని తీసుకెళ్లకండి. మొదటి మూడు రోజులు నొప్పి బాగా ఉంటుందని, తర్వాత రోజురోజుకూ తగ్గుతుందని మేము ముందే చెప్పాం. మూడో రోజు పాపే అంది, "అమ్మా, నువ్వు చెప్పినట్టే ఉంది" అని.

8. మంచం మీద నుంచి లేవడం నేర్పించండి

ఇది ఆపరేషన్‌కు ముందే ఇంట్లో సాధన చేయించండి. ఆసుపత్రిలో నొప్పిలో నేర్చుకోవడం కష్టం.

1. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడవాలి.
2. భుజాలు, తుంటి ఒకేసారి, దుంగ దొర్లినట్టు పక్కకు తిరగాలి. ముందు భుజం, తర్వాత నడుం తిరిగితే వెన్ను మెలిపడుతుంది.
3. రెండు పాదాలూ మంచం అంచు నుంచి కిందికి జార్చాలి.
4. అదే సమయంలో కింది మోచేయి, పై అరచేయి మంచానికి ఆనించి నొక్కుతూ లేచి కూర్చోవాలి. కాళ్లు దిగే బరువే పైభాగాన్ని లేపుతుంది.
5. ఒక నిమిషం కూర్చుని, కళ్లు తిరగడం లేదనుకున్నాకే నిలబడాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ప్రేమ కొద్దీ మనమే చంకల కింద చేతులు పెట్టి పైకి లాగుతాం. లాగొద్దు. వీపు వెనక అరచేయి ఆనించండి, చాలు.

9. ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలు

నాలుగు నుంచి ఏడు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఇంట్లో ఇవి చూసుకోండి:

- నేల మీద పడక వద్దు, లేవడం కష్టం. పరుపు మరీ మెత్తగా ఉండొద్దు.
- ఇండియన్ టాయిలెట్ అయితే కమోడ్ కుర్చీ అద్దెకు తెచ్చుకోండి.
- నొప్పి మందుల వల్ల మలబద్ధకం తప్పదు. మొదటి రోజు నుంచే నీళ్లు, బొప్పాయి, మజ్జిగ పెట్టండి. మూడు రోజులు దాటితే డాక్టర్‌ని అడిగి మందు వేయండి.
- నొప్పి మాత్రలు రాసినవే వేయండి, మెడికల్ షాపులో అడిగి కొనొద్దు.
- గాయం మీద పసుపు, కొబ్బరినూనె, ఆకు పసరు ఏవీ రాయొద్దు. తడపమని చెప్పేదాకా తడపొద్దు.
- చేతులు పైకెత్తి జడ వేసుకోలేదు. కొన్ని వారాలు మీరే వేయండి.
- వంగడం, బరువెత్తడం, నడుం మెలితిప్పడం వద్దు. కింద పడింది తీయాలంటే మోకాళ్లు వంచి దిగాలి.
- బైక్ వెనక కూర్చోబెట్టొద్దు. స్పీడ్ బ్రేకర్ కుదుపు వెన్నుకే తగులుతుంది. ఎప్పటినుంచి పర్వాలేదో డాక్టర్‌ని అడగండి.
- నడక మాత్రం రోజూ పెంచండి. మా పాప మొదటి వారం వరండా చివరిదాకా, నెలకు వీధి చివరిదాకా నడిచింది.

బడికి చాలామంది నాలుగు నుంచి ఆరు వారాల్లో వెళ్లగలరు. పుస్తకాలు రెండు సెట్లు కొని ఒకటి బడిలోనే ఉంచమని టీచర్‌తో మాట్లాడండి. ఆటలు మూడు నుంచి ఆరు నెలల తర్వాత, అదీ సర్జన్ ఎక్స్‌రే చూసి సరేనన్నాకే. కబడ్డీ లాంటి తోపులాట ఆటలకు ఇంకా ఆగాలి, ఏడాది దాకా కూడా.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి: గాయం నుంచి రసి లేదా చీము, 101 దాటిన జ్వరం, కాళ్లలో కొత్తగా బలహీనత లేదా తిమ్మిరి, మూత్రం రాకపోవడం, ఆయాసం, ఒక కాలి పిక్క వాపు. ఇంకొకటి చాలామందికి తెలియదు. తిన్నదల్లా పదేపదే వాంతి అవుతుంటే "మందులు పడలేదులే" అని ఊరుకోకండి. వెన్ను ఒక్కసారిగా నిటారు కావడంతో సన్నగా ఉన్న పిల్లల్లో పేగు మొదటి భాగం రక్తనాళం కింద నొక్కుకుపోవచ్చు.

గాయం చుట్టూ తిమ్మిరి, వీపు బిగుసుకున్నట్టు ఉండటం నెలల పాటు ఉంటాయి. వాటికి కంగారు అక్కర్లేదు. కొందరు పిల్లలు రెండు మూడు వారాలకు దిగులుపడి ఊరికే ఏడుస్తారు. తిట్టకండి, పక్కన కూర్చోండి.

10. ఫలితం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది

ఎక్స్‌రే మామూలుగా ఆరు వారాలకు, ఆ తర్వాత మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు తీస్తారు. నొప్పి లేదని ఏడాది ఎక్స్‌రే ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. అతుకు పడిందా లేదా తెలిసేది అప్పుడే. ప్రతిసారీ మూడు అడగండి: కోణం ఎంత? స్క్రూలు, రాడ్లు మొదట ఉన్నట్టే ఉన్నాయా? కలిపిన భాగానికి పైన, కింద కొత్త ఒంపు ఏమైనా వస్తోందా?

ఇంట్లో నేను చేసింది ఇది. దారానికి తాళంచెవి కట్టి, పాపను గోడకు ఎదురుగా నిలబెట్టి, మెడ కింద చేతికి తగిలే పెద్ద ఎముక దగ్గర దారం కొస పట్టుకునేదాన్ని. తాళంచెవి పిరుదుల మధ్య గీత మీదికి రావాలి. ఆపరేషన్‌కు ముందు రెండు వేళ్లు కుడికి పడేది. ఇప్పుడు గీత మీదే ఉంటుంది. నెలకోసారి అదే గోడ ముందు, అదే వెలుతురులో వెనక నుంచి ఫొటో కూడా తీయండి. భుజాలు మొదట కాస్త ఎగుడుదిగుడుగా ఉండి తర్వాత సర్దుకోవడం చూస్తారు. వీపు గుట్ట తగ్గిందా అని చూడటానికి మొదటి నెలల్లో ముందుకు వంచొద్దు.

ఎత్తు కూడా కొలవండి. మా పాప ఆపరేషన్ రోజుకూ ఇంటికొచ్చిన రోజుకూ నాలుగు సెంటీమీటర్లు పెరిగింది, లంగాలన్నీ పొట్టివయ్యాయి.

ఆపరేషన్ నోట్స్, ఏ పూస నుంచి ఏ పూస దాకా కలిపారో రాసిన డిశ్చార్జ్ కాగితం, రాడ్ల కంపెనీ స్టిక్కర్లు, చివరి ఎక్స్‌రే సీడీ అన్నీ బిడ్డ పేరుతో ఒకే ఫైల్లో పెట్టి, ఫొటోలు తీసి ఇంకో ఫోన్లో దాచండి. టైటానియం ఉన్నా ఎమ్మారై తీయవచ్చు, కానీ తీసేవాళ్లు ఏ లోహం అని అడుగుతారు. పెళ్లయి కాన్పు సమయం వచ్చినప్పుడు నడుంలో మత్తు సూది వేయడానికి వీలుందో లేదో మత్తు డాక్టర్ తేల్చేది ఆ కాగితం చూసే. ఫ్యూజన్ నడుం కిందిదాకా ఉంటే అది కష్టం కావచ్చు. అందుకే ఆ ఫైలు పుట్టింటి బీరువాలో ఉండిపోకుండా అమ్మాయితోనే వెళ్లాలి.